టెలిమాన్ వయోలా కన్సర్టో: లార్గో ఎంత నిదానంగా ఉండాలి?

నమస్కారం. వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్ద తంత్రీవాద్యం) వాయించేవారెవరైనా కాస్త దారి చూపించగలరా? జర్మన్ స్వరకర్త టెలిమాన్ రాసిన జి మేజర్ కన్సర్టో (ఒక వాద్యం ముఖ్యంగా, బృందం తోడుగా వాయించే రచన) సాధన చేస్తున్నాను. లార్గో (చాలా నిదానం), అల్లెగ్రో (వేగం), అండాంటే (నడక వేగం), ప్రెస్టో (చాలా వేగం) అని నాలుగు భాగాలు. వేగంగా సాగే రెండింటితో పెద్ద పేచీ లేదు, చిక్కంతా నిదానంగా నడిచేవాటితోనే.

లార్గో 3/2లో ఉంది, అంటే హాఫ్ నోట్‌కు ఒక దెబ్బ. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 40 దెబ్బల దగ్గర పెడితే పొడుగు స్వరం పూర్తికాకముందే కమాను చివరికి వచ్చేస్తోంది. 56కి పెంచితే గాంభీర్యం పోయి నాట్యంలా తోస్తోంది. టెలిమాన్ 1767లోనే కన్నుమూశారు, మెట్రోనోమ్ వచ్చింది 19వ శతాబ్దంలో. కాబట్టి ప్రతుల్లో అంకె కనిపించినా అది సంపాదకులు వేసిందే. మీరు ఏ వేగం ఎంచుకుంటారు, దేన్ని బట్టి? నాకు తోడు పియానో మాత్రమే. దాని నాదం త్వరగా ఆరిపోతుంది కనుక, తంత్రీవాద్య బృందంతో వాయించేటప్పటి కంటే వేగం కొంచెం పెంచుకోవచ్చా?

ఇక అండాంటే. ఇది ఇ మైనర్‌లో ఉంది. డి షార్ప్ తగిలినప్పుడల్లా, కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన నా చెవికి కీరవాణి ఛాయ వినిపించి, తెలియకుండానే విషాదంలోకి జారిపోతున్నాను. మా గురువుగారేమో అంత ఏడుపు అక్కరలేదంటారు. రికార్డింగులు వింటే ఒకరు శోకంగా, మరొకరు తేలికగా వాయించారు. వైబ్రాటో (వేలితో స్వరాన్ని కంపింపజేయడం) తగ్గించి కమాను ఒత్తిడి సడలిస్తే సరిపోతుందా, లేక వేగమే మార్చాలా?