సూర్యుడికి 500 కోట్ల ఏళ్లున్నాయి సరే, భూమికెన్ని?

ఏడో తరగతి టీచర్:
సూర్యుడు ఇంకో 500 కోట్ల ఏళ్లు వెలుగుతాడని క్లాసులో చెప్పాను. "అయితే అప్పటిదాకా భూమ్మీద చెట్లూ మనుషులూ ఉంటారా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. ఉంటారనబోయి ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

రాళ్ల మాస్టారు:
ఉండరమ్మా. సూర్యుడు ఆరిపోయేదాకా అక్కర్లేదు. అతని వెలుగు 100 కోట్ల ఏళ్లకు పది శాతం చొప్పున పెరుగుతోంది. పుట్టినప్పుడు ఇప్పటి వెలుగులో 70 శాతమే ఉండేది. ఇంకో 100 కోట్ల ఏళ్లకు సముద్రాలు ఆవిరి కావడం మొదలవుతుంది.

నేను జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, సముద్రం కంటే ముందు నాకు రాయే గుర్తొస్తుంది. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ రాతిని మెల్లగా తినేస్తుంది. అలా రాతిలో కలిసిన వాయువు చివరికి సముద్రం అడుగున సున్నపురాయిగా చేరుతుంది. వికారాబాద్ గుట్టల మీద నల్లరాయి చివికి ఎర్రరాయి అయింది చూశారా, అదీ ఈ పనే. ఎండ పెరిగేకొద్దీ ఇది వేగం పుంజుకుని, గాలిలో ఆ వాయువు తరిగిపోతుంది. ఇప్పుడు పది లక్షల పాళ్లకు 420 పైచిలుకు ఉంది. 150కి పడిపోతే వరి, గోధుమ, మామిడి లాంటివాటికి ఎండ ఉన్నా తిండి తయారు కాదు.

1982లో లవ్‌లాక్, విట్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు మొక్కలకు ఆ గడువు 10 కోట్ల ఏళ్లే అన్నారు. 1992లో కాల్డీరా, కాస్టింగ్ మళ్లీ లెక్క వేశారు. జొన్న, చెరకు, మొక్కజొన్న తరహా మొక్కలకు 10 పాళ్లున్నా చాలు కాబట్టి దాన్ని 90 కోట్ల దాకా లాగారు. అంటే వరి ముందు పోతుంది, జొన్న తర్వాత. (అప్పటికి ఇవే పైర్లు ఉంటాయని కాదు, ఆ తీరు మొక్కలని.)

పాలమూరు కుర్రాడు:
సార్, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైందని రోజూ పేపర్లో టెన్షన్ పెడుతున్నారు. మీరేమో అది తగ్గిపోతుందంటున్నారు. ఏది నమ్మాలి?

రాళ్ల మాస్టారు:
రెండూ నిజమే బాబూ. మనం వందేళ్లలో వదిలిన పొగను రాళ్లు పూర్తిగా లాగేసుకోవడానికి లక్షల ఏళ్లు పడుతుంది. అందాకా ఎండకు మాడేది మనమూ మన మనవలూ. రేపటి జొన్నకు పనికొస్తుందని ఇవాళ బొగ్గు కాల్చడం తెలివి కాదు.

ఏడో తరగతి టీచర్:
థాంక్స్ మాస్టారూ. "భూమిని కొంచెం దూరం జరపలేమా?" అని కూడా అడుగుతారు, నాకు తెలుసు.

రాళ్ల మాస్టారు:
దానికీ లెక్క కట్టారు! 2001లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేశారు. 100 కిలోమీటర్ల రాతిగోళాన్ని సగటున 6,000 ఏళ్లకోసారి భూమి పక్కనుంచి పోనిస్తే, ప్రతిసారీ మన కక్ష్య కొంచెం పెద్దదవుతుంది. చిక్కల్లా ఏమిటంటే చంద్రుడు మనతో రాకుండా విడిపోవచ్చు. ఒక్కసారి గురి తప్పి గోళం భూమికే తగిలిందా, బ్యాక్టీరియా కూడా మిగలదని వాళ్లే రాశారు.