ఔఫ్ వస్తుందా, త్సూ వస్తుందా: జర్మన్ క్రియల్లో వేరుపడే ఉపసర్గ

జర్మన్‌లో 'ట్రెన్‌బారె వెర్బెన్' అనే క్రియలను తెలుగులో ఏమనాలో చెప్పండి. క్రియకు ముందు అతుక్కుని ఉన్న చిన్న మాట వాక్యంలోకి రాగానే ఊడి, చివరికి వెళ్లి కూర్చుంటుంది. అన్‌రూఫెన్ అంటే ఫోను చేయడం. 'రేపు నీకు ఫోను చేస్తాను' అనాలంటే 'ఇష్ రూఫె దిష్ మోర్గెన్ అన్'.

మా అమ్మాయి నర్సు ఉద్యోగం కోసం ఈ భాష నేర్చుకుంటోంది. రాత్రి భోజనాలయ్యాక అరగంట తనకు తోడు కూర్చుంటాను. ఒకరు చివరి మాటకు ముందు ఆగాలి, రెండో వారు దాన్ని అందించాలి. పట్టికలు బట్టీపడితే రాని పట్టు ఇలా వస్తోంది. మొన్న తను 'ఇష్ హ్యోరె యెట్స్ట్' అని ఆగింది. హ్యోరెన్ అంటే వినడం కదా అని 'త్సూ' అందించాను: 'ఇప్పుడు శ్రద్ధగా వింటున్నాను'. తను తల అడ్డంగా ఊపి, పుస్తకం మూసేసి 'ఔఫ్' అంది. అంటే 'ఇక ఆపేస్తున్నాను'! మూడు మాటల వరకు రెండు వాక్యాలూ ఒకటే. వినేవారు ఆఖరి మాట దాకా ఓపిక పట్టాల్సిందే. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగే అలవాటు మనకు ఉన్నదే కాబట్టి, ఇది మనకు మరీ పరాయిగా తోచదు.

జవాబు: కొత్త మాట వెతకనక్కరలేదండి, 'వేరుపడే ఉపసర్గ' చాలు. పాణిని 'తే ప్రాగ్ధాతోః' అని ఉపసర్గలను ధాతువుకు ముందు ఉంచి, ఆ వెంటనే వేదభాషకు సడలింపు ఇచ్చాడు: 'ఛందసి పరేఽపి', 'వ్యవహితాశ్చ'. ధాతువు తరువాత రావచ్చు, నడుమ వేరే మాటలు ఉండవచ్చు. ఋగ్వేదం మొదటి సూక్తం 7వ మంత్రం చూడండి. 'ఉప త్వాగ్నే దివేదివే' అని మొదలై 'నమో భరన్త ఏమసి' అని ముగుస్తుంది. మొదట ఉన్న 'ఉప'ను చివరి 'ఏమసి'తో కలుపుకుంటేనే 'నీ దగ్గరికి వస్తున్నాము' అనే అర్థం. జర్మన్‌లో క్రియ ముందు, ఉపసర్గ చివర. ఇక్కడ తిరగబడింది, అంతే.

మరో జవాబు: తెలుగు క్రియల్లోనూ ఈ ఛాయ ఉంది. 'గుర్తుపట్టు' చూడండి. 'నన్ను గుర్తే పట్టలేదు', 'గుర్తు కూడా పట్టలేదు' అంటాం. 'మొదలే పెట్టలేదు' కూడా అంతే. 'కనిపెట్టు'ను మాత్రం అలా విడదీయలేం, 'కనిపెట్టనే లేదు' అనాలి. అయితే మనం ఆ సందులో 'ఏ', 'కూడా' వంటివే పెట్టగలం. 'గుర్తు నన్ను పట్టలేదు' అంటే చెల్లదు. జర్మన్‌లో ఆ సందులో వాక్యంలో సగం ఇముడుతుంది.

ఇద్దరికీ ధన్యవాదాలండి. 'గుర్తే పట్టలేదు' చెప్పగానే అమ్మాయి 'బాధే పడలేదు' అని తనే ఒకటి చేర్చింది. విడిపోయేది ఏదో, విడిపోనిది ఏదో చెవితోనే తెలుస్తుందని కూడా తనే చూపించింది. ఊనిక ఉపసర్గ మీద పడితే విడిపోతుంది, ధాతువు మీద పడితే విడిపోదు. ఉమ్‌ఫారెన్ ఈ రెండు రకాలుగానూ ఉంది. 'ఇష్ ఉమ్‌ఫారె దెన్ బౌమ్' అంటే చెట్టును తప్పించి చుట్టూ తిరిగి పోతున్నాను. 'ఇష్ ఫారె దెన్ బౌమ్ ఉమ్' అంటే బండితో ఆ చెట్టును గుద్ది పడగొడుతున్నాను. నిన్న రాత్రి అరగంటా ఈ ఒక్క క్రియతోనే గడిచింది.