పెండ్లి పత్రిక ఫైలు 5 ఎంబీ, గంట గంటకూ పోతున్న బ్యాకప్ మాత్రం 60 జీబీ: కారణం ఏమై ఉంటుంది?

హన్మకొండ డీటీపీ:
నమస్కారం. హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. 2018 నాటి ఇంటెల్ మాక్ మినీ మీద పని చేస్తాను గానీ, పత్రికలకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ తప్పవు కనుక మాక్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టుకొని అందులో విండోస్ నడుపుతున్నాను. మాక్‌లో తనంతట తానే బ్యాకప్ తీసే టైమ్ మెషీన్ కోసం 2 టీబీ డిస్కు తగిలించాను. నా డేటా అంతా కలిపినా 500 జీబీ దాటదు కాబట్టి ఏండ్ల తరబడి సరిపోతుందనుకున్నాను.

మొన్న ఒక పెద్దమనిషి వచ్చి, నెల కింద చేయించిన పత్రికలో మార్పులు చేయక ముందటి ప్రూఫే మళ్లీ కావాలన్నారు. డిస్కులో వెతికితే 15 రోజుల కన్నా పాత బ్యాకప్ ఒక్కటీ లేదు. రోజుకు నాలుగైదు పత్రికలు చేసే దుకాణంలో ఈ డిస్కు గంటకోసారి గరగరమంటూ 60 జీబీ ఏం రాసుకుంటున్నదో అర్థం కావడం లేదు.

కాజీపేట సిస్టమ్స్:
మీ వర్చువల్ మెషీన్ ఫైలు సైజు ఎంతో చూడండి, సుమారు 60 జీబీ ఉంటుందని నా అనుమానం. లోపల ఎన్ని ఫోల్డర్లున్నా ఆ విండోస్ మొత్తం మాక్ కంటికి ఒకే ఫైలు. మీరు పత్రికలో ఒక్క అక్షరం దిద్దినా ఆ పెద్ద ఫైలు మారినట్టే లెక్క. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద టైమ్ మెషీన్ మారిన భాగాన్ని కాక ఫైలు మొత్తాన్నీ మళ్లీ రాస్తుంది. బస్తాలో ఒక్క మిరపకాయ మారిస్తే బస్తానే మళ్లీ కాంటా మీదికి ఎత్తినట్టు.

లెక్క కూడా కుదురుతున్నది. టైమ్ మెషీన్ గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకు ముందు కాలానికి వారానికొకటి చొప్పున ఉంచుకొని, చోటు చాలనప్పుడు అన్నింటికన్నా పాతదాన్ని తీసేస్తుంది. మీ 2 టీబీ అంటే 2000 జీబీలో మొదటి కాపీ 500 జీబీ, గంటకు 60 చొప్పున పది గంటల పనికి 600 జీబీ పోతే మిగిలేది 900 జీబీ. రోజుకు 60 చొప్పున అది సరిగ్గా 15 రోజులకు వస్తుంది.

నా మాట మీద పోకుండా, టెర్మినల్‌కు (మాక్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) సెట్టింగ్స్‌లో ఫుల్ డిస్క్ యాక్సెస్, అంటే డిస్కు మొత్తం చదివే అనుమతి ఇచ్చి, ‘టీఎమ్‌యుటిల్ కంపేర్’ అనే ఆదేశం నడపండి. చివరి బ్యాకప్‌కూ ఇప్పటి మాక్‌కూ మధ్య కొత్తగా వచ్చినవి కూడిక గుర్తుతో, మారినవి ఆశ్చర్యార్థకంతో, పోయినవి తీసివేత గుర్తుతో చూపిస్తుంది. ఆలస్యమవుతుంది, మధ్యలో ఆపవద్దు.

కరీంనగర్ స్టూడియో:
ఒక మాట కలుపుతాను. ఆ డిస్కులో తేదీల వారీ ఫోల్డర్లు ఒక్కొక్కటీ 500 జీబీ చూపిస్తే భయపడకండి. మారని ఫైళ్లను మళ్లీ రాయకుండా పాత కాపీకే లంకె వేస్తుంది, మాక్‌లో ఫైళ్లు చూపే ఫైండర్ మాత్రం ప్రతి ఫోల్డర్‌లోనూ పూర్తి సైజే చూపుతుంది. ఇంకొకటి, ఫోల్డర్ పేరు మార్చినా ఆ పాత పద్ధతిలో అది కొత్త ఫోల్డరే. నేను పెండ్లి ఫొటోల ఫోల్డర్లకు తేదీలు చేర్చి సర్దుకున్న రోజున 300 జీబీ మళ్లీ రాసింది.

హన్మకొండ డీటీపీ:
నడిపి చూశాను. ఆశ్చర్యార్థకంతో 60 జీబీ వర్చువల్ మెషీన్, కూడిక గుర్తుతో 18 జీబీ ‘మేడారం ఫ్లెక్సీలు’. ఆ ఫోల్డర్ పేరు నిన్ననే మార్చాను, స్టూడియో అన్న చెప్పింది నిజమే. వర్చువల్ మెషీన్‌ను బ్యాకప్ నుంచి తప్పిస్తే మరి అందులోని పత్రికల సంగతేమిటి?

కాజీపేట సిస్టమ్స్:
పత్రికలు విండోస్ లోపల దాచడమే అసలు తప్పు. విండోస్‌కూ మాక్‌కూ ఉమ్మడిగా కనిపించే షేర్డ్ ఫోల్డర్ పెట్టి, ఫైళ్లన్నీ మాక్ వైపు సేవ్ చేయండి. అప్పుడు టైమ్ మెషీన్‌కు ఏ పత్రికకు ఆ పత్రిక విడిగా కనిపిస్తుంది. ఆ తర్వాత టైమ్ మెషీన్ ఆప్షన్లలో వర్చువల్ మెషీన్‌ను మినహాయించి, ఆదివారం విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆ ఫైలును వేరే డిస్కుకు చేత్తో కాపీ చేసుకోండి. నడుస్తుండగా తీసిన కాపీ రేపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

హన్మకొండ డీటీపీ:
అలాగే చేశాను. ఈ రోజు మధ్యాహ్నపు బ్యాకప్ 140 ఎంబీ. పెద్దమనిషి గారి పత్రికను మాత్రం వారింట్లో మిగిలిన కాగితం ప్రూఫు తెప్పించుకొని మళ్లీ కంపోజ్ చేశాను.