సమస్య (దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): “నీరు తగిలినంత నిప్పు పుట్టె”

నిర్వాహకులు: ఈ వారం పూరణలన్నీ పల్లెటూరి అవ్వ మీదే. ఆమె చేతి పని పద్యంలో కనబడాలి, పొగడ్త ఒక్కటే చాలదు.

మంజీర:
పండుగలకు గోడ పట్టించ సున్నంపు
రాళ్ళు కుండలోన రాశి పోసి
అవ్వ చెంబు వంచి యటు జరిగె వడిగ
నీరు తగిలినంత నిప్పు పుట్టె

గోదారిగట్టు: “యటు జరిగె వడిగ” పద్యానికి ప్రాణం. సున్నం ఉడుకుతూ చిమ్మే చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు. కానీ “రాశి పోసి” యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొంతన) కోసం వచ్చిన మాట. నీళ్లు పడగానే రాళ్లు విచ్చి ఉబ్బుతాయి. కుండలో సగానికి మించితే పొంగి నేలపాలు. ఏ అవ్వా రాశి పోయదు.

నిర్వాహకులు: “రాల్చి కొన్ని” అంటే యతీ నిలుస్తుంది, కుండా నిలుస్తుంది.

పిచ్చుకగూడు:
ఎండబెట్టి తుడిచి యెత్తిన జాడీలో
తడి గరిటెను ముంచె దగని వేళ
కొత్తకోడ లప్పు డత్తకన్నుల యందు
నీరు తగిలినంత నిప్పు పుట్టె

మంజీర: మూడో పాదంలో ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం: “కొత్త”, “డత్త”) ముచ్చటగా పడింది. మొదటి పాదం చివర “జాడీలో” మూడక్షరాలూ గురువులే (దీర్ఘాలే), ఛందస్సుకు చెల్లదు, “జాడిలో” అనండి. విషయానికి వంక లేదు. ముక్కల మీద నూనె తేలినంతకాలం ఆవకాయకు భయం లేదు. తడి గరిటె పడినచోట ఉప్పు పలచబడి బూజు అక్కణ్ణుంచే మొదలవుతుంది. మూడోనాడు తిరగగలిపి, నూనె చాలకపోతే ఆ పూటే పోసి వాసెన (జాడీ మూతికి కట్టే గుడ్డ) కట్టేది అందుకే.

పిచ్చుకగూడు: “జాడిలో” అని దిద్దుకున్నాను. అత్తను గయ్యాళిగా చూపలేదని కూడా గమనించండి. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ కంచంలోకి రావలసిన జాడీ అది.

గోదారిగట్టు:
ఆవపిండి పొడిగ నణగి యుండును ఘాటు
అవ్వ యెరుగునట్టి యదను చూచి
కూర దించి పిదప కొంచె మావను నూర
నీరు తగిలినంత నిప్పు పుట్టె

పిచ్చుకగూడు: ఇదీ పూరణంటే! మిగతావాళ్లం నిప్పు కోసం కోపానికో సున్నానికో వెళ్లాం. ఆవగింజ నలిగి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది, పొడిగా ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. పనసపొట్టు కూరకైనా కంద బచ్చలికైనా ఆవాలు, ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు వేసి నీళ్లు చిలకరించి నూరి, కాసేపు ఊరనిచ్చి, పొయ్యి దించాకే కలపాలి.

మంజీర: పద్యం గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ అసలు సంగతి జారిపోయింది: ఏ నీళ్లు? మరిగే నీళ్లయితే ఘాటును పుట్టించే ఎంజైమే చచ్చిపోతుంది, చేదు మిగులుతుంది. “వేడి చల్ల చిలుక వెన్న లేచె” అని లోగడ రాసిందీ గట్టుగారే కనుక అడగక తప్పలేదు.

గోదారిగట్టు: అది చలికాలపు పద్యం. చలికి వెన్న రవ్వరవ్వగా ఉండిపోయి ముద్ద కట్టదు, వెచ్చని నీళ్లు పోయాల్సిందే.

మంజీర: గోరువెచ్చన వేరు, వేడి వేరండీ. వేడికి వెన్న కరిగి చల్లలోనే కలిసిపోతుంది. ఎండాకాలం అవ్వ తెల్లవారుజామునే లేచి, చన్నీళ్లు పోసి చిలికేది ఎందుకంటారు?

నిర్వాహకులు: “వెచ్చనైన నీట వెన్న లేచె” అంటే ఇద్దరి మాటా చెల్లుతుంది. గట్టుగారూ, ఆవ పద్యంలో చన్నీళ్లు పట్టించండి.

గోదారిగట్టు: మూడో పాదం ఇలా మార్చాను: “కూర దించి చలువ కుండనీటను నూర”.

మంజీర: ఇప్పుడు వంక పెట్టను. ఈ వారం మొదటి పేరు మీదే.