కాంప్లెక్స్ పార్కింగ్‌లో టపాకాయల స్టాల్: 50 మీటర్ల లెక్క ఎలా?

మా షాపింగ్ కాంప్లెక్స్ వెనకున్న ఓపెన్ పార్కింగ్‌లో దీపావళికి రెండు టపాకాయల షెడ్లకి తాత్కాలిక లైసెన్సు అడిగాం. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో 84వ రూలు ప్రకారం షెడ్డు మంట అంటుకోని సామానుతో కట్టాలి, షెడ్ల మధ్య 3 మీటర్లు, రక్షిత కట్టడాలకి (ఇంగ్లీషులో ‘ప్రొటెక్టెడ్ వర్క్స్’, అంటే ఇళ్లు, షాపుల్లాంటివి) 50 మీటర్లు వదలాలి, ఎదురెదురుగా పెట్టకూడదు. మావి జీఐ రేకుల షెడ్లు, ఒకే వరసలో, మధ్యలో 4 మీటర్లు. లైట్లు పైకప్పుకి బిగించినవే, వేలాడే వైర్లు లేవు.

చిక్కంతా ఆ 50 మీటర్ల దగ్గరే. పక్క అపార్ట్‌మెంటుకి 53 ఉంది, కాంప్లెక్స్ వెనక గోడకి 38 మాత్రమే. అందుకే ఫైలు వెనక్కొచ్చింది. గోడకి 50 వచ్చేలా షెడ్లు జరిపితే అపార్ట్‌మెంటుకి 41 అవుతోంది. (ఖాళీ మైదానంలో పెట్టేవాళ్లకి ఈ తలనొప్పి ఉండదు.) యజమాని ఎన్‌ఓసీ, కొలతలతో సైట్ ప్లాన్ ఇచ్చాం, వెనక వైపు షాపులు ఆ వారం మూసేస్తామని రాసిచ్చాం. ఒప్పుకోలేదు.

అదే ఆవరణలోని కాంప్లెక్స్‌ని రక్షిత కట్టడంగా లెక్కించకుండా లైసెన్సు తెచ్చుకున్నవాళ్లుంటే, ఏ కాగితం చూపించి ఒప్పించారు?