వేరే రకం తెలివి నిజంగా ఉందా, మార్కులు రాని పిల్లలకు చెప్పే ఓదార్పా?

సరిత_కూకట్‌పల్లి:
మా బాబు ఏడో తరగతి. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. స్కూల్లో వేలిముద్రల టెస్ట్ అని పెట్టి 6,000 రూపాయలు కట్టించుకున్నారు. పది వేళ్ళూ స్కాన్ చేసి పెద్ద రిపోర్ట్ ఇచ్చారు. మీవాడిది శరీరానికి సంబంధించిన తెలివి, లెక్కల తెలివి తక్కువ, ఆటల వైపు పంపండి అని అందులో ఉంది. మావారు అది చదివి ట్యూషన్ మాన్పించేద్దాం అంటున్నారు. తెలివి ఒక్కటి కాదు, చాలా రకాలని హోవార్డ్ గార్డనర్ అనే అమెరికా ప్రొఫెసర్ 1983లో చెప్పారట. రిపోర్ట్ మొదటి పేజీలోనే ఆయన పేరు వేశారు. ఇందులో నిజమెంత? నాకు టెన్షన్‌గా ఉంది.

లెక్కల_మాస్టారు_తెనాలి:
అమ్మా, ముందు ట్యూషన్ మాన్పించకండి. గార్డనర్ చెప్పింది వేరు, వేలిముద్రల వ్యాపారం వేరు. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళలో ఏ శక్తి పోయింది, ఏది మిగిలింది అని చూసి, అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లలను చూసి ఆయన తన వాదన కట్టుకున్నారు. మాట, లెక్క, సంగీతం, ఆకారాలను ఊహించడం, ఒంటి నేర్పు, ఎదుటివారి మనసు తెలియడం, తన మనసు తనకు తెలియడం అని మొదట ఏడు చెప్పారు. చెట్టూ చేమా పోల్చుకునే తెలివిని తర్వాత ఎనిమిదోదిగా చేర్చారు. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి. వాటిని చూసి లెక్కలు వస్తాయో రావో చెప్పగలరనడానికి రుజువు లేదు.

కానీ తెలివి చాలా రకాలన్న మాటను నేను వదులుకోను. బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊళ్ళో బజార్లో అమ్ముకునే పిల్లల మీద చేసిన పరిశోధన 1985లో వచ్చింది. కొబ్బరికాయలు అమ్మే పన్నెండేళ్ళ కుర్రాడిని, ఒకటి 35 అయితే పది ఎంత అని అడిగారు. పక్కన సున్నా పెట్టడం వాడు చెయ్యలేదు. మూడుకి 105, ఇంకో మూడుకి 210, ఇంకా నాలుగు కావాలి అనుకుంటూ 315, చివరికి 350 అన్నాడు. బజార్లో అలా నోటితో వేసిన లెక్కల్లో ఆ పిల్లలకు నూటికి 98 సరిపోయాయి. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే. నా సర్వీసంతా ఇలాంటి పిల్లలను చూశాను. సంతలో తల్లి పక్కన కూర్చుని చిల్లర చకచకా ఇచ్చే పిల్ల నా క్లాసులో భాగహారం దగ్గర ఏడ్చేది. ఆ పిల్లను మొద్దు అని రాసింది మన బడే.

రఘు_డేటా:
మాస్టారూ, ఆ పరిశోధనలో ఎంతమంది పిల్లలు ఉన్నారో చెప్పలేదు. ఐదుగురు. ఐదుగురిని చూసి తెలివి గురించి తీర్పు చెప్పేస్తారా?

లెక్కల_మాస్టారు_తెనాలి:
పిల్లలు ఐదుగురే, ప్రశ్నలు ఐదు కాదు. బజార్లో అడిగినవే 63.

రఘు_డేటా:
63 అయినా 630 అయినా పిల్లలు ఐదుగురే కదా. పైగా ఆ పిల్లలకు లెక్కలు వచ్చనే అది చెప్తోంది. వేరే రకం తెలివి ఉందని ఎక్కడ చెప్పింది? ఒక రకం పరీక్షలో బాగా చేసినవాళ్ళు మిగతా రకాల్లోనూ కొంత మెరుగ్గానే చేస్తారని స్పియర్‌మన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1904లోనే చూపించాడు. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు పెట్టినా అదే కనిపిస్తోంది. గార్డనర్ చెప్పిన ఎనిమిదీ విడివిడిగా ఉంటాయని కొలిచి చూపించినవాళ్ళు లేరు. వినడానికి బాగుందని నిజమైపోదు.

మస్తాన్_లారీ:
మా క్లీనర్ కుర్రాడికి అక్షరం రాదు. రాడ్డుతో టైరు మీద కొట్టి, ఆ చప్పుడు విని ఏ టైర్లో గాలి తగ్గిందో చెప్తాడు. ఇది ఏ పరీక్షలో అడుగుతారన్నా?

రఘు_డేటా:
అది అనుభవం అన్నా. మీరూ చెప్పగలరు, ఏడాది మీతో తిరిగితే నేనూ చెప్పగలను.

మస్తాన్_లారీ:
ఏడాది తిరిగి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరికీ రాలేదు.

పద్మజ_నెల్లూరు:
ఆలేరు చింతకింది మల్లేశం గారిని మర్చిపోయారా అందరూ? ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. చీర నేసే ముందు మేకుల చుట్టూ నూలు తిప్పే ఆసు పోసి పోసి తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనది తెలివి కాదంటారా?

రఘు_డేటా:
ఎవరన్నారు? ఆయనకు ఏ పరీక్ష పెట్టినా మంచి మార్కులే వచ్చేవి. నేను చెప్పేదీ అదే, తెలివి ఒక్కటే.

లెక్కల_మాస్టారు_తెనాలి:
మరి ఆరుతో ఆగిపోయినప్పుడు ఆ తెలివి ఏ బడికి కనిపించింది, రఘూ?

చిటికి_పోచంపల్లి:
రెండు రోజులుగా చదువుతున్నాను. మాది పోచంపల్లి దగ్గర పల్లె. నాన్న కూలి మగ్గం నేశాడు, అమ్మ ఆసు పోసింది. ఆసు అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. వాటి మధ్య పేక నూలును, అంటే చీరలో అడ్డంగా వచ్చే పోగును, అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు దాకా తిరుగుతుంది. తర్వాత ఆ పోగుల కట్టల మీద గుర్తులు గీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముందు లేత రంగు. కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి ముదురు రంగు. మగ్గం ఎక్కేసరికే ఏనుగు, చిలక, పువ్వు అన్నీ నూల్లో ఉండిపోతాయి. కట్టు ఒక్కటి పక్కకు జరిగినా అప్పుడు తెలియదు, నేసేటప్పుడు ఏనుగు తొండం విరిగి కనిపిస్తుంది. పెళ్ళిలో ఎవరో కట్టుకున్న చీర చూసి, ఇంటికొచ్చి గళ్ళ కాగితం మీద దాని కట్లన్నీ లెక్క వేసేవాడు మా నాన్న. చదివింది మూడో తరగతి.

ఆయన తెలివిని మెచ్చుకోని మనిషి లేడు. ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ళు ఫోటోలు దిగేవాళ్ళు. నూలిచ్చే షావుకారు భుజం తట్టి, నీ బుర్ర కంప్యూటర్ అనేవాడు. కూలి పెంచమంటే మాత్రం మార్కెట్ లేదనేవాడు. ఆసు పోసినందుకు అమ్మకు వేరే కూలే లేదు, చీర కూలిలోనే కలిపేవాళ్ళు. మా తమ్ముడు ఎనిమిదిలో లెక్కలు తప్పితే, వీడికి చేతుల్లో తెలివి ఉంది, మగ్గం మీద కూర్చోబెట్టండి అని బళ్ళో సారు చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. మావాళ్ళు కూర్చోబెట్టారు. వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో వాచ్‌మన్. సరిత గారూ, మీకొచ్చిన రిపోర్టూ మా తమ్ముడికి ఆ సారు చెప్పిన మాటా నాకు ఒకేలా వినిపిస్తున్నాయి.

లెక్కల_మాస్టారు_తెనాలి:
అమ్మా, ఆ సారు చేసింది తప్పు. కానీ దానికి ఈ ఆలోచనను తప్పు పట్టకు. బడిలో మీ నాన్నగారి విద్యకు గౌరవం ఉండి ఉంటే మీ తమ్ముడికి లెక్కలు అదే గళ్ళ కాగితం మీద నేర్పేవాళ్ళు. రఘులాగా తెలివి ఒక్కటే, పరీక్షే దాని కొలత అంటే మీ నాన్నగారిని తక్కువ చేసినట్టే.

రఘు_డేటా:
మాస్టారూ, ఆమె నాన్నని అడ్డం పెట్టుకుని నన్ను తిట్టకండి. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో అందరూ ఆయన చేతిపనిని పొగిడేవాళ్ళు, అరుగు మీద మాత్రం కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. నన్ను ఆ ఊళ్ళోంచి బయటపడేసింది ఎంసెట్ ర్యాంకు. ఓఎంఆర్ షీట్ మా నాన్న ఏం చేస్తాడని అడగలేదు. తర్వాత ఇంటర్వ్యూలకు వెళ్తే ప్రతి చోటా అదే అడిగారు. మీరు చెప్పే ఎనిమిది రకాల తెలివిని చూసి చెప్పేది ఎవరు? ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని వీడిది చేతి తెలివి, వీడిది బుర్ర తెలివి అని పంచుతాడు. మావాళ్ళకు ఏది వస్తుందో నాకు తెలుసు. అందుకే నాకు ఒక్కటే తెలివి కావాలి, పేరు కనపడని ఒక్క పేపర్ కావాలి.

మస్తాన్_లారీ:
ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది తమ్ముడూ.

లెక్కల_మాస్టారు_తెనాలి:
నువ్వు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా ఒప్పుకోలేను నాయనా. నువ్వు ఆ పేపర్ దాకా వచ్చినవాడివి. రాలేకపోయిన పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఎర్ర సిరాతో కొట్టేసింది నేను. బినే అనే ఫ్రెంచ్ మనస్తత్వ శాస్త్రవేత్త 1905లో పారిస్‌లో మొట్టమొదటి తెలివి పరీక్ష తయారుచేసింది, బళ్ళో ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడానికి. మనం దాన్ని గేటు మూయడానికి వాడుతున్నాం. పేరు కనపడని పేపర్ ఉండాల్సిందే, తీసెయ్యమని నేను ఎక్కడా అనలేదు. ఆ పేపర్ దాకా పిల్లవాడిని తీసుకెళ్ళే దారులు ఎక్కువ ఉండాలంటున్నాను.

రఘు_డేటా:
దారులు అంటే ఒప్పుకుంటాను. రకాలు అంటే ఒప్పుకోను.

చిటికి_పోచంపల్లి:
మీరిద్దరూ బడి గురించే మాట్లాడుతున్నారు. మా నాన్నకు ఇప్పుడు బడితో పని లేదు. ఆయన విద్యకూ గౌరవం ఉండాలని మాస్టారు అంటున్నారు, సంతోషం. ఆ తెలివి ఇంజనీరు తెలివితో సమానమైతే కూలి ఎందుకు సమానం కాదు? అమ్మ ఆసుకు వేరే కూలి ఎందుకు లేదు? తెలివి అని ఒప్పుకున్నవాళ్ళు డబ్బు దగ్గరకు వచ్చేసరికి అది చేతిపని అంటారు. దానికి జవాబు చెప్పండి.

పద్మజ_నెల్లూరు:
సరైన ప్రశ్న.

సరిత_కూకట్‌పల్లి:
అందరికీ థాంక్స్. మావారికి ఈ చర్చ మొత్తం చూపించాను. ట్యూషన్ మాన్పించడం లేదు. స్కూల్ వాళ్ళను ఆ డబ్బులు వెనక్కి అడుగుతాను.

లెక్కల_మాస్టారు_తెనాలి:
తప్పకుండా అడగండి, రాతపూర్వకంగా అడగండి. బాబు లెక్కల నోట్సు ఒక పేజీ ఫోటో పెట్టండమ్మా. భిన్నాల దగ్గర ఆగుతున్నాడో, రుణ సంఖ్యల దగ్గర ఆగుతున్నాడో చూస్తే తెలిసిపోతుంది. రాత్రికి చూసి రాస్తాను.

చిటికి_పోచంపల్లి:
మాస్టారూ, నా ప్రశ్నకు మీ జవాబు ఇంకా రాలేదు.