నిద్రకి నుదుటి పట్టీ కొనమంటున్నాడు మా అబ్బాయి, కొనొచ్చాండీ?

ఆకివీడు దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువండి నాది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. ఏడేళ్లు చెరువు దగ్గర మకాంలోనే ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. రొయ్యల పట్టుబడి అయ్యి నాలుగు నెలలైంది, చెరువు ఎండగట్టాం. ఇంట్లో మంచం మీద ఉన్నా రెండున్నరకి మెలకువ. చప్పుడు లేకపోవడమే నన్ను లేపుతోంది.

మొన్న ఐదింటి దాకా కదలకుండా ఫ్యాను రెక్కల కేసి చూస్తూ పడుకున్నాను. పొద్దున్న చూస్తే వాచీలో ఏడు గంటల నిద్ర, స్కోరు 84! ఇప్పుడు మావాడు తలలోకి సన్నగా కరెంటు పంపే పట్టీ చూశాడు, 32 వేలు. అక్కడ మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ క్లియరెన్స్ ఉందట.

రాజమండ్రి స్లీప్ టెక్నీషియన్:
వాచీకి తెలిసేది మణికట్టు కదలిక, నాడి. మేం ల్యాబ్‌లో తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద వైర్లు అంటిస్తాం, మెదడు తరంగాలు చూస్తాం. కదలకుండా మేలుకుని ఉన్న మనిషిని వాచీ నిద్రలో ఉన్నట్టు లెక్కేస్తుంది. నిద్ర పట్టనివాళ్ల దగ్గరే అది ఎక్కువ తప్పుతుంది. ఆ స్కోరు చూసుకుని బెంగపడి నిద్ర చెడగొట్టుకునేవాళ్లూ ఉన్నారు, 2017లో దానికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు.

ఇక క్లియరెన్స్. చాలాసార్లు దానర్థం, ముందే మార్కెట్లో ఉన్న అలాంటి పరికరానికి ఇది దాదాపు సమానమని. నిద్ర పట్టిస్తుందని పెద్ద పరీక్షలో తేలినట్టు కాదు. అమ్మేవాళ్లని ఒక్కటే అడగండి: కరెంటు రాని ఉత్తుత్తి పట్టీ కట్టినవాళ్లతో పోల్చి చూశారా, ఎంతమందిని, ఎన్ని వారాలు? ఉత్తుత్తి పట్టీ కట్టినా కొందరికి నిద్ర మెరుగవుతుంది, అందుకే ఆ పోలిక కావాలి.

గురక, పగలు కునికిపాట్లు ఉంటే ముందు నిద్రలో శ్వాస ఆగుతోందేమో పరీక్ష చేయించండి.

పాలకొల్లు టీచరమ్మ:
అన్నయ్యగారూ, నాకు పనిచేసింది సీబీటీ-ఐ, అంటే మందుల్లేకుండా నిద్ర అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే చికిత్స. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా పెద్దవాళ్ల దీర్ఘకాలపు నిద్రలేమికి మందుకంటే ముందు అదే ఇవ్వమంది. డాక్టరుగారు నన్ను రాత్రి పన్నెండుకి ముందు మంచం ఎక్కొద్దన్నారు, ఐదున్నరకి లేవాల్సిందే. నిద్ర రాకపోతే లేచి వసారాలో కూర్చోవాలి. మొదటి రెండు వారాలూ నరకమే, స్కూటీ కూడా నడపలేదు. మూడో వారం నుంచి పడుకోగానే పట్టేసింది. మీరు మంచం మీద ఫ్యాను చూస్తూ గడిపే ఆ రెండున్నర గంటలే అసలు చిక్కు. మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా చేయకూడదు.

ఆకివీడు రైతు:
గురక ఉందని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది, రేపే పరీక్షకి వెళ్తున్నాను. పట్టీ వద్దని మావాడికి చెప్పేశాను, వాచీ కూడా తీసేశాను. రాత్రి రెండున్నరకి లేచి చెరువు గట్టు మీదకి పోలేదండి, అరుగు మీదే కూర్చున్నాను.